ఢిల్లీ దయలో పిల్లి వాటా

ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మీద నిలబడి ఉన్న అశోక స్తంభం ఢిల్లీలో పుట్టిన రాయి కాదు. ఇప్పటి హర్యానాలోని తోప్రా నుంచి 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని యమున మీద పడవల్లో తెప్పించి, తాను కట్టుకున్న కొత్త నగరంలో నిలబెట్టాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు అశోకుడు వేయించిన ఐదో స్తంభ శాసనం ఆ రాతి మీద ఉంది. చంపకూడని ప్రాణుల జాబితా అందులో ఉంది. చిలకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్లు, ముళ్లపందులు, ఉడతలు, పావురాలు వరసగా వస్తాయి. పిల్లి పేరు స్పష్టంగా ఎక్కడా కనిపించదు. తినడానికి గానీ వాడుకకు గానీ పనికిరాని నాలుగుకాళ్ల జంతువులన్నిటినీ కలిపి చివర్లో ఒక్క మాటలో చెప్పారు. పిల్లి రక్షణ పొందింది ఆ మాట చాటునే. ఇరవై రెండు శతాబ్దాలు గడిచాక కూడా ఆ నగరంలో పిల్లి చోటు పెద్దగా మారలేదు. ఆవుకు గోశాల ఉంది, పక్షికి ఆసుపత్రి ఉంది, కుక్కకు చట్టం ఉంది. పిల్లికి మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో స్నానాలగదో, బాల్కనీ మూలో దొరుకుతుంది.

ఆ ఇళ్లలో ఉండేవాళ్ల గురించే ఈ వ్యాసం. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, గాజియాబాద్, ఫరీదాబాద్‌లలో జబ్బుపడిన పిల్లుల్ని, వదిలేసిన పిల్లుల్ని తెచ్చి సాకేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగమో ఇంటిపనో చేసుకుంటూ మిగిలిన సమయాన్ని దీనికి ఇచ్చే ఆడవాళ్లు. నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే గుండె దడ, ఏడుపు రాకపోవడం లేదా ఆగకపోవడం, మనుషుల మీద అసహ్యం, చివరికి ఈ పనికి ఒక్కసారిగా దూరమైపోవడం వాళ్లలో తరచు కనిపించేవే. చుట్టూ ఉన్నవాళ్లు దీనికి చెప్పే కారణం ఒకటే: వాళ్లది మరీ మెత్తటి మనసు. ఆ వివరణ సరికాదని నా వాదన. ఈ బాధ వాళ్ల స్వభావంలోంచి పుట్టింది కాదు, ఒక చరిత్రలోంచి వచ్చింది. ప్రాణం తీయకూడదన్న నియమాన్ని మన సమాజం అందరికీ నేర్పింది. ప్రాణాన్ని నిలబెట్టే పనిని, నిలబెట్టలేనప్పుడు తీసుకోవలసిన నిర్ణయాన్ని మాత్రం కొద్దిమంది మీదికి నెట్టింది. పిల్లుల విషయంలో ఆ కొద్దిమందికి డబ్బూ అధికారమూ ఇవ్వలేదు, మర్యాద కూడా ఇవ్వలేదు.

మన దయకు పాత చరిత్ర ఉంది, అందులో నిజమైన గొప్పతనమూ ఉంది. మనుషులకూ పశువులకూ విడివిడిగా వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు రెండో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఆ మాట ఉంది. 1580ల్లో భారతదేశమంతా తిరిగిన ఆంగ్ల వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ ఖంభాత్ నగరంలో కుంటి కుక్కలకూ పిల్లులకూ పక్షులకూ ఆసుపత్రులు చూశానని ఆశ్చర్యపడుతూ రాశాడు. గుజరాత్, రాజస్థాన్ జైన వర్తకులు నడిపిన పింజ్రాపోల్, అంటే జంతువుల ఆశ్రయాల సంప్రదాయం అది. ఆ వర్తక కుటుంబాలు ఎక్కడ స్థిరపడితే అక్కడికి జీవదయ అన్న ఆచారమూ వెళ్లింది, ఢిల్లీకీ వచ్చింది. అయితే ఆ సంప్రదాయానికి మూలస్తంభం చంపకపోవడం. తెచ్చిన ప్రాణికి చోటిచ్చి, మేత పెట్టి, ఆయుష్షు తీరేదాకా ఉంచడమే ధర్మం. నొప్పి తగ్గించడం, జబ్బు కుదర్చడం, సంతానం పెరగకుండా చూడడం దాని లెక్కలోకి చాలాకాలం రాలేదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలన్న మాట గంగా మైదానంలో ఎంత వినిపిస్తుందో మన ఊళ్లలోనూ అంతే వినిపిస్తుంది. ఆ పాపభయం ఎన్నో పిల్లుల్ని కర్ర దెబ్బ నుంచి కాపాడి ఉంటుంది. దాని పక్కనే ఇంకో అలవాటూ పెరిగింది. అటకమీద ఈనిన పిల్లి కూనల్ని గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గరో గుడి వెనకో వదిలిపెట్టి రావడం. వదిలినవాడి చేతికి రక్తం అంటదు. ఆ కూనలు ఎండకో కుక్కకో ఆకలికో పోతాయి, కానీ ఆ చావు ఎవరి ఖాతాలోనూ పడదు. ఇవాళ నగరాల్లో గోనెసంచి బదులు అట్టపెట్టె వచ్చింది. అట్టపెట్టెను చూసి ఆగిపోయిన మనిషి ఖాతాలో మాత్రం ఆ చావు పడుతుంది.

చాందినీ చౌక్ మొదట్లో, ఎర్రకోటకు ఎదురుగా ఉన్న దిగంబర జైన లాల్ మందిర్ ఆవరణలోని పక్షుల ధర్మాసుపత్రి ఈ సంప్రదాయానికి ఢిల్లీలో ఉన్న అత్యుత్తమ రూపం. 1929లో మొదలై, 1957లో ఇప్పటి భవనంలోకి వచ్చిన ఆ ఆసుపత్రిలో రెక్క విరిగిన పావురాలు, మాంజా దారానికి తెగిన చిలకలు వేల సంఖ్యలో బాగుపడ్డాయి. ఎవరి దగ్గరా రుసుము తీసుకోరు. కానీ మాంసం తినే పక్షుల్ని మిగతావాటితో కలిపి లోపల ఉంచుకోవడం ఆ ధర్మానికి పొసగదు. గద్దలకు అక్కడ చోటు దొరకకపోవడం చూసిన మహమ్మద్ సవూద్, నదీమ్ షెహజాద్ అనే అన్నదమ్ములు ఉత్తర ఢిల్లీ వజీరాబాద్‌లో తమ ఇంట్లోనే గద్దలకు వైద్యం మొదలుపెట్టారు. 2022లో శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ వాళ్ల పనిని ప్రపంచానికి చూపింది. ఈ ఉదాహరణ ఎవరినో తప్పుపట్టడానికి కాదు. నిబంధన పెట్టుకున్నవాళ్లు దాన్ని నిజాయితీగా పాటించారు. నేను చెప్పదలచుకున్నది వేరు: వ్యవస్థగా మారిన ప్రతి దయకూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు బయట పడ్డ ప్రాణి ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది. గద్ద లాగే పిల్లీ మాంసాహారి. శాకాహార వంటిళ్ల మీద, శాకాహార విరాళాల మీద నిలిచిన జీవదయ దాన్ని చంపొద్దని చెప్పగలిగింది గానీ దానికి కోడిమాంసం ఉడికించి పెట్టే బాధ్యత తీసుకోలేకపోయింది.

జీవదయ సంప్రదాయం ఒక పాయ అయితే, మన జంతుసేవలో రెండో పాయ బ్రిటిష్ పాలనలో వచ్చింది. 1861లో కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ స్థాపించిన జంతుహింస నివారణ సంఘం ఈ దేశంలో మొదటిది. తర్వాత ఢిల్లీలో తీస్ హజారీ దగ్గరా అలాంటి సంఘం పని చేసింది. వీధిలో బాహాటంగా కొట్టడం, మోయలేనంత బరువు వేయడం ఆ సంఘాలకు ముఖ్యమైన నేరాలు. బండి లాగే ఎద్దు, జట్కా గుర్రం వాళ్ల కళ్లముందున్న బాధితులు. అప్పటి శిక్షాస్మృతి జంతువును ఆస్తిగానే చూసింది. 1860 నాటి ఆ స్మృతిలో 428వ సెక్షన్ పది రూపాయలో అంతకు మించో ఖరీదు చేసే జంతువును చంపినా అవిటిదాన్ని చేసినా నేరమంది. 429వ సెక్షన్ ఏనుగు, ఒంటె, గుర్రం, గేదె, ఆవు వంటివాటికి ఖరీదుతో పని లేకుండా ఎక్కువ శిక్ష పెట్టింది. మిగతావాటికి యాభై రూపాయల గీత గీసింది. బజారులో ఖరీదు లేని వీధి పిల్లి ఆ లెక్కలో ఎక్కడా నిలవదు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి, 325వ సెక్షన్‌లో ఆ రూపాయల గీతల్ని తీసేసేదాకా అదే చట్టం నడిచింది. నాట్యకళాకారిణిగా మనకు తెలిసిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టి సాధించిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం నేరమని మొదటిసారి గట్టిగా చెప్పింది. కానీ మొదటిసారి తప్పు చేస్తే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇవాళ్టికీ అంతే. పిల్లిని పెట్టెలో పెట్టి పారేసిన మనిషి చెల్లించాల్సింది యాభై రూపాయల లోపు. ఆ పిల్లిని తీసుకున్న మనిషికి ఒక్క రక్తపరీక్షకే అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఈ రెండు మొత్తాల మధ్య తేడాను ఎవరు భరిస్తున్నారో చూస్తే, రెస్క్యూ చేసేవాళ్ల అలసట ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

ఢిల్లీలో ఆధునిక జంతుసేవకు దారి వేసింది క్రిస్టల్ రోజర్స్ అనే ఆంగ్ల మహిళ. వేరే దేశానికి వెళుతూ ఢిల్లీలో దిగిన ఆమె, కాకులు కళ్లు పొడిచిన ఒక గుర్రాన్ని వీధిలో చూసి ఇక్కడే ఉండిపోయింది. 1959లో ‘ది యానిమల్స్ ఫ్రెండ్’ అన్న సంస్థను నెలకొల్పింది. తర్వాత జైపూర్‌లో ఒకటి, బెంగళూరులో ఒకటి మొదలుపెట్టి, 1996లో మరణించేదాకా ఇదే పని చేసింది. 1979లో ఫ్రెండికోస్ వచ్చింది. డిఫెన్స్ కాలనీ ఫ్లైఓవర్ కింద ఉన్న దాని ఆసుపత్రి ఢిల్లీవాళ్లందరికీ తెలిసిన చోటు. 1980లో రాజా గార్డెన్‌లో సంజయ్ గాంధీ యానిమల్ కేర్ సెంటర్, 1992లో మేనకా గాంధీ స్థాపించిన పీపుల్ ఫర్ యానిమల్స్ వచ్చాయి. అదే 1992లో హైదరాబాద్‌లో అక్కినేని అమల బ్లూ క్రాస్‌ను ప్రారంభించారు. ఈ సంస్థలన్నీ ఒక మనిషో, ఒక చిన్న గుంపో చూసి ఊరుకోలేక మొదలుపెట్టినవి. వీటి తలుపులు తెరుచుకున్న రోజు నుంచి నగరానికి జంతువును వదిలే చోటు ఒకటి దొరికింది. వదిలివెళ్లడం తప్పుగా కాక సేవగా కనిపించింది, ఎందుకంటే వీధిలో కాదు కదా, ఆశ్రమంలో వదిలాం. తెచ్చినవాళ్లకు ఆ పూట మనసు తేలికవుతుంది. తీసుకున్నవాళ్లకు ఆ జంతువు ఆయుష్షంతా బరువు. ఆ బరువు ఎంతైందో 2015లో బయటపడింది. అప్పులతో, జీతాలివ్వలేని స్థితిలో ఫ్రెండికోస్ మూతపడబోతోందన్న వార్త వచ్చింది. వార్త చూసిన పౌరులు విరాళాలు పంపి నిలబెట్టారు. నగరానికి మనసు లేదని అనలేం. కానీ మూతపడే రోజు దాకా ఆ మనసుకు గుర్తు రాలేదన్నదీ నిజమే.

చట్టం కళ్లు ఈలోగా కుక్క మీదికి మళ్లాయి. దానికి బలమైన కారణం రేబిస్. 2001లో కేంద్రం తెచ్చిన సంతాన నియంత్రణ నియమాల పేరులోనే కుక్కలన్న మాట ఉంది. వాటితో కార్పొరేషన్లు కుక్కల ఆపరేషన్లకు డబ్బు ఇవ్వడం, సంస్థలు కేంద్రాలు నడపడం మొదలైంది. 2023లో వచ్చిన కొత్త నియమాల పేరులోంచి ఆ మాట పోయినా యంత్రాంగమూ వాహనాలూ లెక్కలూ కుక్కల చుట్టూనే తిరుగుతున్నాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఒకసారి, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివక్కడ వదలమని మరోసారి చెప్పినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చలో పిల్లి ఊసే లేదు. అమ్మకాల విషయంలోనూ ఇంతే. 2017లో వచ్చిన పెంపకం నియమాలు కుక్కల పెంపకందార్లకే. 2018 నాటి దుకాణాల నియమాలు పెంపుడు జంతువుల షాపులన్నిటికీ వర్తిస్తాయి గానీ, ఇంట్లో పర్షియన్ పిల్లుల్ని ఈనించి ఫోన్ మీద అమ్మేవాళ్లను పట్టుకునేంత బలం వాటికి లేదు. గత పదిహేనేళ్లలో ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాలు కలిసిన ఎన్‌సీఆర్ అపార్ట్‌మెంట్లలో పర్షియన్ పిల్లి ఒక మోజు అయింది. నడకకు తీసుకెళ్లనక్కర్లేదు, మొరగదు, ముద్దొస్తుంది. రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండకట్టి చర్మాన్ని లాగుతుందని, చదునైన ముఖం వల్ల కళ్లూ ముక్కూ కారుతూనే ఉంటాయని కొన్నాక తెలుస్తుంది. 2020 మార్చిలో జంతువుల వల్ల కరోనా వస్తుందన్న పుకారు పుట్టినప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలేయొద్దని జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు లేఖలు రాయాల్సి వచ్చింది. వీధిలో ఎప్పుడూ బతకని పర్షియన్ పిల్లికి ఆ వదిలివేత మరణశిక్షతో సమానం.

కుక్కల షెల్టర్ల లాగా పిల్లులకూ పెద్ద షెల్టర్లు కట్టేస్తే సరిపోతుంది కదా అని అడగవచ్చు. సరిపోదు. కారణం పిల్లి శరీరంలోనే ఉంది. పిల్లుల్ని గుంపుగా ఒకచోట చేర్చితే భయంతోనే వాటి రోగనిరోధకశక్తి పడిపోతుంది, ఒకదాని తుమ్ము అన్నిటికీ అంటుతుంది. రెస్క్యూ చేసేవాళ్లు పార్వో అని పిలిచే పాన్‌ల్యూకోపీనియా వైరస్ వస్తే టీకా పడని కూనలు వరసగా పోతాయి. సాయంత్రం ఆడుకున్న కూన తెల్లారేసరికి చల్లబడి ఉండవచ్చు. దానికి నేరుగా పనిచేసే మందు లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతి ఆపుతూ, దాని ఒంట్లోని శక్తి గెలుస్తుందేమోనని కాచుకోవాలి. పైగా ఆ వైరస్ గదిలో ఏడాది దాకా బతకగలదు, మామూలు ఫినాయిల్‌కు చావదు. బ్లీచింగ్‌తో కడగాలి, పరుపులు, గుడ్డలు, బొమ్మలు పారేయాలి. అందుకే పిల్లుల సేవ ఎక్కడైనా ఇళ్లమీదే, ఫోస్టర్ ఇళ్లు అనేవాటి మీదే ఆధారపడింది. పనిచేసే చోటు, పడుకునే చోటు ఒక్కటే అయిన సేవ ఇది. ఒక ఈత కూనలన్నీ పోయిన ఇంట్లో దుఃఖించడానికే కాదు, ఇంకో కూనను తెచ్చుకుని మనసు మళ్లించుకోవడానికీ వీలుండదు. నెలల తరబడి వచ్చిన ప్రతి ఫోన్‌కూ రాలేను, తీసుకోలేను అని చెప్పాల్సిందే.

ఈ పనిలో ఒక చిన్న భాగాన్ని దగ్గరగా చూద్దాం. మూడు వారాలు నిండని కూనకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి లేదు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, కడుపులోనే పులుస్తాయి. కాబట్టి ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెచ్చబరచాలి. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లికూనల పాలపొడి కలపాలి. వెల్లకిలా పడుకోబెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి, తల్లి దగ్గర తాగినట్టు బోర్లా ఉంచి సిరంజితో చుక్క చుక్కగా పట్టాలి. తాగాక గోరువెచ్చని తడి దూదితో కింద తుడవాలి, ఎందుకంటే తల్లి నాకితే తప్ప ఆ వయసు కూన మూత్రం కూడా పోయలేదు. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. రోజూ వంటింటి త్రాసు మీద తూచాలి, పది గ్రాములు పెరిగితే బతుకుతున్నట్టు. భగవంతుడికి పూర్తిగా శరణుజొచ్చిన భక్తుడికి మన వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం చెబుతారు. తల్లి నోట కరుచుకుని తీసుకెళ్లే పిల్లికూన తనవైపు నుంచి ఏ ప్రయత్నమూ చేయదు. తల్లి లేనప్పుడు ఆ తల్లి స్థానంలో నిలబడ్డ మనిషి సంగతి ఏ న్యాయమూ చెప్పలేదు. ఒక ప్రాణికి సర్వమూ తానే అయినవాళ్లకు, అది పోయినప్పుడు ‘ఎక్కడ పొరపాటు చేశాను’ అన్న ప్రశ్న తప్పదు. త్రాసు మీద అంకె తగ్గిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటారు.

వైద్యం పెరిగినకొద్దీ ఈ ప్రశ్న తగ్గలేదు, పదునెక్కింది. ఎఫ్‌ఐపీ అన్న జబ్బు పిల్లికి వచ్చిందంటే చావు ఖాయమని వైద్యులు దశాబ్దాలుగా చెప్పేవారు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అన్న మందును ఆ జబ్బు వచ్చిన 31 పిల్లులకు ఇచ్చి చూస్తే అత్యధికం బతికాయి. కరోనా కాలంలో మనకు బాగా పరిచయమైన రెమ్‌డెసివిర్‌కు చుట్టమే ఈ మందు. చికిత్స సాధారణంగా 84 రోజులు, ప్రతిరోజూ ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే. ఇది వైద్యంలో గొప్ప గెలుపు. కానీ రెస్క్యూ చేసేవాళ్ల మనసులో దీని వల్ల జరిగిన మార్పును గమనించాలి. మందు లేనప్పుడు ఆ చావు విధి. మందు వచ్చాక అదే చావు డబ్బు లేక జరిగినది. ఒక్క పిల్లికి 84 రోజుల మందు కొనడమా, అదే డబ్బుతో కాలనీలోని ఆడపిల్లులన్నిటికీ ఆపరేషన్లు చేయించడమా అని తూచాల్సిన స్థితి వచ్చింది. ఏది ఎంచుకున్నా ఇంకొక దానికి ద్రోహం చేసినట్టే ఉంటుంది. ఆసుపత్రిలో ఇలాంటి నిర్ణయాలకు కమిటీలు ఉంటాయి, పెద్ద డాక్టరు ఉంటారు, నియమావళి ఉంటుంది. ఇక్కడ అర్ధరాత్రి ఒంటరిగా ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషి తప్ప ఎవరూ లేరు.

ఈ స్థితిని చదువుకున్న ప్రపంచం కొంత ఆలస్యంగానైనా గుర్తించింది. కరుణతోనే అలిసిపోవడం అన్న భావనను 1992లో అమెరికాలో నర్సుల గురించి కార్లా జాయిన్సన్ రాసింది. చార్లెస్ ఫిగ్లీ దాన్ని ఒక అధ్యయన రంగంగా పెంచి, 2006లో రాబర్ట్ రూప్‌తో కలిసి జంతువుల సేవలో ఉన్నవాళ్ల మీదే ఒక పుస్తకం తెచ్చాడు. జంతువుల మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చి, వాటి ప్రాణాన్ని తామే తీయాల్సి రావడం ఎంత చీల్చుతుందో సామాజిక శాస్త్రవేత్త ఆర్నల్డ్ అర్లూక్ అమెరికా షెల్టర్లలో గమనించాడు. అమెరికాలో పశువైద్యుల మరణాలను 1979 నుంచి 2015 దాకా పరిశీలించిన అధ్యయనం, సాధారణ జనంతో పోలిస్తే మహిళా వైద్యుల్లో ఆత్మహత్యలు 3.5 రెట్లు, పురుషుల్లో 2.1 రెట్లు ఎక్కువని 2019లో చెప్పింది. జీతం, చదువు, తోటివారి తోడు ఉన్న వృత్తిలోనే ఇలా ఉంటే, ఇవేవీ లేని ఇంటి సేవ మాటేమిటి? నాకు వీటన్నిటికంటే దారి చూపే ఆలోచన సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ హ్యూస్‌ది. సమాజం తాను చేయడానికి ఇష్టపడని పనిని కొందరికి అప్పగించి, ఆ తర్వాత వాళ్లనే వింతగా, కొంచెం తక్కువగా చూస్తుందని ఆయన 1962లో అచ్చయిన ఒక వ్యాసంలో వాదించాడు. ఆయన చూసింది ఎంతో భయంకరమైన చరిత్రను, నాజీల అకృత్యాలను. అయినా ఆ సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. పిల్లి దొరకగానే ఫోన్ చేసేది వాళ్లకే, మెట్ల మీద అన్నం గిన్నె పెట్టారని రెసిడెంట్స్ అసోసియేషన్‌లో ఫిర్యాదు చేసేదీ వాళ్ల మీదే.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు చూద్దాం. మనుషులే ఆకలితో ఉన్న దేశంలో పిల్లుల కోసం ఏడవడమేమిటని మొదటి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఢిల్లీ చలికి ఫ్లైఓవర్ల కింద మనుషులు వణుకుతున్న మాట నిజం. అయితే పిల్లిని ఆదుకున్న చేయి మనిషికి అందాల్సినదాన్ని లాక్కుంటుందన్న లెక్కకు ఆధారం లేదు. దయ అనేది ఒకరికి పెడితే ఇంకొకరికి తగ్గే బియ్యపు డబ్బా కాదు. పిల్లికి కూడా బిచ్చం పెట్టనివాడని మనం లోభిని తిడతామే తప్ప, వాడు ఆ మిగిల్చింది పక్కింటి పేదవాడికి ఇచ్చాడని ఎప్పుడూ అనుకోం. రెండో అభ్యంతరం మరింత కఠినమైనది: ఎవరు చేయమన్నారు, బాధగా ఉంటే మానేయవచ్చు కదా? వాళ్లు కావాలనే ఎంచుకున్నారన్నది సగమే నిజం. పెట్టెను చూసి ఆగడం వాళ్ల ఎంపికే. ఆ పెట్టె అక్కడికి రావడం మాత్రం వాళ్ల ఎంపిక కాదు. కొన్నవాడు, అమ్మినవాడు, ఆపరేషన్ చేయించనివాడు, యాభై రూపాయల జరిమానాను 60 ఏళ్లుగా అలాగే ఉంచిన చట్టసభ, అందరూ ఎంచుకున్నాకే ఆ పెట్టె వీధిలోకి వచ్చింది. ఒకరు మానేస్తే పని తగ్గదు, పక్కవాళ్ల మీద పడుతుంది. ఈ సేవలో ఒకరి వెనక ఒకరు కూలిపోవడానికి కారణం ఇదే.

పిల్లి వేటజంతువు, దాని బతుకు దానికి తెలుసు, ప్రకృతిలో తలదూర్చొద్దన్నది మూడో మాట. ఇందులో ఒప్పుకోవలసింది ఉంది. ఆరోగ్యంగా ఉన్న, వీధికి అలవాటుపడిన పెద్ద పిల్లిని పట్టి గదిలో బంధించడం మేలు కాదు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, దాని చోట దాన్ని వదలడమే సరైనది. పిల్లులు పక్షుల్ని చంపుతాయన్నదీ నిజం. పిల్లుల వల్ల గాయపడే పక్షుల బాధకూ వీధి పిల్లుల బాధకూ పరిష్కారం ఒక్కటే, అది సంఖ్యను అదుపు చేయడం. కానీ పర్షియన్ పిల్లి ముఖాన్ని ప్రకృతి చదును చేయలేదు. చలికాలంలో వెచ్చదనానికి కారు ఇంజిన్‌లో దూరి బెల్టుకు నలిగే పిల్లిదీ ప్రకృతి మరణం కాదు. మనిషి చేసిన గాయానికి ప్రకృతి పేరు పెట్టి తప్పుకోవడం న్యాయం కాదు. ఇక రెస్క్యూ పేరుతో కొందరు రెండు గదుల్లో యాభై పిల్లుల్ని కుక్కి, వాటినీ తమనూ నాశనం చేసుకుంటారన్న విమర్శ ఉంది. అదీ నిజమే, అలాంటి ఇళ్లు జంతువులకు నరకం. కానీ ఆ స్థితికి చేరే దారి గమనిస్తే, వద్దని చెప్పే హక్కు తనకు లేదనుకున్న మనిషే అక్కడ కనిపిస్తుంది. వద్దంటే చచ్చిపోతుందని అవతలివాళ్లు బెదిరిస్తారు, వద్దన్న రాత్రి నిద్ర పట్టదు. బాధను ఒంటరిగా మోయమన్న సమాజమే ఆ బాధ వికృతమైనప్పుడు వేలెత్తి చూపుతోంది.

అన్నిటికంటే సున్నితమైనది కారుణ్య మరణం. వెన్నెముక విరిగి, వెనక కాళ్లు ఈడుస్తూ, మూత్రం దానంతటది కారిపోతున్న పిల్లిని నొప్పి తెలియకుండా నిద్రపుచ్చడం పాపమా? మన సంప్రదాయం చాలావరకు పాపమనే అంటుంది. బతికించి ఉంచడమే దయ అన్న నమ్మకం వెనక శతాబ్దాల నిష్ఠ ఉంది, దాన్ని నేను చులకన చేయను. అయితే కోలుకోలేని జంతువును బతికించి ఉంచడమే క్రూరమయ్యే సందర్భం ఉంటుందని 1960 చట్టం కూడా గుర్తించింది, పశువైద్యుడి నిర్ణయం మీద దానికి దారి ఇచ్చింది. ఆ దారిలో వెళ్లిన మనిషిని హంతకురాలంటారు. వెళ్లకపోతే నొప్పిలో ఉంచిందంటారు. తలుపు బయట నిలబడి రెండు మాటలూ అనగలిగేవాళ్లు తామెప్పుడూ ఆ గదిలోకి రారు. చంపకూడదన్న ధర్మం అందరిదీ అయితే, చావు దగ్గర కూర్చోవడం కూడా అందరి ధర్మమే కావాలి. కనీసం కూర్చున్నవాళ్లను నిందించకపోవడమైనా నేర్చుకోవాలి.

ఈ చరిత్ర నుంచి తేలే పనులు ఊహకు అందనివేమీ కావు. రెస్క్యూ చేసేవాళ్లకు ధ్యానం చేయమనో, విశ్రాంతి తీసుకోమనో సలహా ఇవ్వడం మంచిదే, కౌన్సెలింగ్ అవసరమే. అయితే మూలం బయట ఉన్నప్పుడు మందు లోపల మాత్రమే వేస్తే సరిపోదు. కార్పొరేషన్లు కుక్కలకు చేస్తున్నట్టే పిల్లులకూ ఉచిత ఆపరేషన్లు, టీకాలు చేయాలి, ఎందుకంటే పుట్టని కూన ఎవరి స్నానాలగదిలోనూ చావదు. పిల్లుల పెంపకందార్లకు ప్రత్యేక నియమాలు, వదిలేసినవాళ్లకు నిజంగా తగిలే జరిమానా రావాలి. నోయిడా 2022లో పెంపుడు కుక్కలతో పాటు పిల్లులకూ నమోదు తప్పనిసరి చేసింది. ఆ దారిలో మిగతా ఎన్‌సీఆర్ నడిస్తే వదిలేసిన పిల్లికి యజమాని ఎవరో తెలుస్తుంది. జంతు సంక్షేమ బోర్డు చెన్నై నుంచి 2018లో ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్‌కు వచ్చింది, ఈ ప్రాంతపు ఫోస్టర్ ఇళ్లను గుర్తించి వైద్యఖర్చులో భాగం పంచుకోవడానికి దానికి దూరం అడ్డు కాదు. ఇక మనలో ప్రతి ఒక్కరం చేయగలిగింది ఒకటి ఉంది. పిల్లి కనిపించినప్పుడు ఫోటో తీసి పంపి, ‘మీరు చూసుకోండి’ అనే బదులు, దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చు, పదిరోజుల చోటు, బిల్లులో సగం మనవి అనుకోవాలి. వాళ్లు ‘ఈసారి కుదరదు’ అంటే ఆ మాటను గౌరవించాలి. దయను కొందరికి అప్పగించి పుణ్యాన్ని అందరం పంచుకున్న కాలం చాలా నడిచింది. ఇక పంచుకోవలసింది బరువు.